వేరుశనగ విత్తనానికి రైజోబియం పట్టించడం: ఎక్కడ పని చెడుతుందో చూసుకుని చేయండి

వేరుశనగ మొక్కను తవ్వి తీసి వేర్లు కడిగితే, పక్కవేర్లు పుట్టే చోట ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు నులిపురుగు పట్టిందేమో అని టెన్షన్ పడతారు. నులిపురుగు వాపు అయితే వేరే ఉబ్బినట్టు ఉంటుంది, గీకినా రాదు. ఈ బుడిపె వేరుకి పక్కన అతికించినట్టు ఉండి గోటితో నెడితే రాలిపోతుంది. ఒకటి చిదిమి చూడండి, లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే అది పని చేస్తున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలుపెట్టలేదు లేదా పనికిరాని రకం సూక్ష్మజీవి చేరింది, ఆకుపచ్చగా ఉంటే దాని పని అయిపోయినట్టు.

ఆ బుడిపెలో ఉండేది బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా. దీన్ని బొగ్గుపొడిలాంటి దాంట్లో పెంచి ప్యాకెట్లలో అమ్ముతారు, అదే కల్చర్. ఆ ప్యాకెట్ మీద మామూలుగా రైజోబియం అనే రాస్తారు. ఈ బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునే రూపంలోకి మార్చి ఇస్తుంది, మొక్క దానికి చక్కెర పెడుతుంది. చాలా పప్పు పంటల్లో ఈ బ్యాక్టీరియా వేరు నూగు గుండా లోపలికి వెళ్తుంది. వేరుశనగకి ఆ నూగు తక్కువ కాబట్టి, పక్కవేరు బయటికి చీల్చుకొచ్చేటప్పుడు పడే సన్నటి పగులులోంచి దూరుతుంది. అందుకే బుడిపెలన్నీ ఆ మొదళ్ల దగ్గరే గుంపుగా ఉంటాయి. మనకి దీని అర్థం ఏంటంటే, బ్యాక్టీరియా మొలకెత్తే వేరు పక్కనే, బతికి, సిద్ధంగా ఉండాలి. పొలంలో ఎక్కడో చల్లేస్తే పెద్దగా ఉపయోగం లేదు.

అసలు మీ పొలానికి కల్చర్ కావాలా? అన్ని పొలాలకీ ఒకేలా పని చేయదు, ఈ మాట ముందే చెప్పేస్తున్నా. ఏటా వేరుశనగో, అలసందో, పెసరో, మినుమో వేసే నేలలో ఇదే కుటుంబం బ్యాక్టీరియా ఇప్పటికే బోలెడు ఉంటుంది, అక్కడ కల్చర్ వేసినా తేడా కంటికి కనపడకపోవచ్చు. కొత్తగా సాగులోకి తెచ్చిన నేల, చాలా ఏళ్లు నీళ్లు నిలబెట్టి వరి పండించిన మడి, లేదా కిందటి పంటలో బుడిపెలు సరిగ్గా రాని చోటు అయితే తప్పకుండా వేయండి.

కల్చర్ కొనేటప్పుడు మూడు చూడండి: వేరుశనగ కోసమే అని రాసుందా, గడువు తేదీ ఎప్పటికి, గ్రాముకి ఎన్ని బతికున్న కణాలు అని రాశారు. పొడి రకంలో గ్రాముకి కనీసం 5 కోట్లు ఉండాలి. శనగ రైజోబియం వేరు, వేరుశనగ రైజోబియం వేరు, పేరులో శనగ ఉంది కదా అని తెచ్చేస్తే డబ్బు నేలపాలే. తెచ్చాక ఎండ తగలని చల్లటి చోట పెట్టండి. నేనే ఒకసారి ప్యాకెట్లన్నీ ట్రాక్టర్ సీటు కింద డబ్బాలో పెట్టి మధ్యాహ్నం దాకా మర్చిపోయాను, సాయంత్రం విత్తనానికి పట్టించింది బ్యాక్టీరియాని కాదు, ఉత్త బొగ్గుపొడిని అనుకోవాలి. ఆ ఏడు బుడిపెలు లెక్కపెట్టడానికి వేళ్లు చాలు.

ఇక పట్టించే పద్ధతి. పది కిలోల విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్ అనేది మామూలు లెక్క, ప్యాకెట్ మీద వేరేగా ఉంటే దాన్నే పాటించండి. వంద మిల్లీలీటర్ల నీళ్లకి పది గ్రాముల చొప్పున బెల్లం వేసి మరిగించి, పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉన్నా ఆగండి. అందులో పొడి కలిపి జావలా చేసి, నీడలో పరిచిన గోనెపట్టా మీద విత్తనం పోసి, పైన చిలకరిస్తూ చేతులతో మెల్లగా దొర్లించండి. ఇక్కడే వేరుశనగతో చిక్కు. దీని ఎర్రటి పైపొర చాలా పలచన, తడి ఎక్కువైనా గట్టిగా రుద్దినా ఊడిపోతుంది, పొర ఊడిన గింజకి మొలక దెబ్బతింటుంది, తెగుళ్లు సులువుగా పట్టుకుంటాయి. కాబట్టి గింజకి పొడి అంటుకునేంత తడి చాలు, కారేంత వద్దు. నీడలోనే ఓ అరగంట ఆరబెట్టి అదే రోజు విత్తేయండి. రేపటికి ఉంచొద్దు.

మందులతో కలపడం గురించి అందరూ అడుగుతారు. శిలీంద్రనాశని, పురుగుమందు పట్టించాలనుకుంటే వాటిని ముందు రోజే పట్టించి ఆరబెట్టండి, రైజోబియం చివర్లో, విత్తే ముందు. ఇలా చేసినా మందు కొంత బ్యాక్టీరియాని చంపుతుంది. నాకు నచ్చే దారి ఏంటంటే, విత్తనానికి మందు పట్టించేసి, కల్చర్‌ని మాత్రం బాగా చివికిన, కాస్త తడిగా ఉన్న పశువుల ఎరువులో కలిపి విత్తే సాలులోనే వేయడం. కల్చర్ కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ గింజ పొర గొడవ లేదు, మందు గొడవా లేదు. ఒక్కటి మాత్రం చేయొద్దు, కల్చర్ పట్టించిన విత్తనాన్ని సూపర్ ఫాస్ఫేట్‌తోనో యూరియాతోనో కలిపి ఒకే గొట్టంలో వేయకండి. ఆ ఉప్పు, ఆ పులుపు తగిలితే బ్యాక్టీరియా బతకదు. పదును లేని వేడి దుక్కిలో విత్తినా అంతే.

మొదలుకుళ్లు, కాండం కుళ్లు వచ్చే పొలమైతే ట్రైకోడెర్మా కూడా వేసుకోండి. ఇది బ్యాక్టీరియా కాదు, చెడ్డ శిలీంద్రాల మీద పడి బతికే మంచి శిలీంద్రం. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి నీడలో కుప్ప పోసి, పైన తడి గోనె కప్పి, పదును ఆరకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరిస్తే రెండు వారాల్లో కుప్పంతా పచ్చటి బూజు పాకుతుంది. దాన్ని ఆఖరి దుక్కిలో ఎకరాకి చల్లండి. మందు పట్టించని విత్తనమైతే కిలోకి పది గ్రాముల ట్రైకోడెర్మా పట్టించి ఆ తర్వాత రైజోబియం పట్టించవచ్చు, ఈ రెండింటికీ పడుతుంది.

భాస్వరం కరిగించే బ్యాక్టీరియా నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని ఆమ్లాలు విడుదల చేసి కరిగిస్తుంది, చివికిన ఎరువులో కలిపి సాలులో వేస్తే సరిపోతుంది. భాస్వరాన్ని వేరుకి అందించే మైకోరైజా అనే వేరు శిలీంద్రం నూగు తక్కువున్న వేరుశనగకి బాగా అక్కరకొస్తుంది, కానీ భాస్వరం ఎరువు దండిగా వేసే పొలంలో అది వేరుకి సరిగ్గా పట్టదు.

ఎరువుల్లో నత్రజని దగ్గర చెయ్యి బిగించండి. మొక్కకి దొరికే యూరియా ఎక్కువైతే బుడిపెలు పెట్టడమే మానేస్తుంది, ఉచితంగా వచ్చేదాన్ని ఎవరు వండుకుంటారు. మొదట్లో ఎకరాకి 8 కిలోల నత్రజని చాలు, నత్రజని, భాస్వరం కలిసుండే డీఏపీ ఎరువు 50 కిలోల బస్తా వేస్తే అందులోనే 9 కిలోలు ఉంటుంది, పైన యూరియా అక్కర్లేదు.

విత్తిన 35 నుంచి 45 రోజుల మధ్య పొలంలో నాలుగైదు చోట్ల మొక్కల్ని పారతో మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి కడిగి చూడండి. పట్టుకుని లాగితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి, మీరేమో కల్చర్ పనిచేయలేదని తిట్టుకుంటారు. ఎర్రటి బుడిపెలు చాలా ఉండి లేత ఆకులు మాత్రం ఈనెల మధ్య పసుపుగా ఉంటే, అది ఇనుము లోపం, సున్నం ఎక్కువున్న నేలల్లో వస్తుంది, ఆకుల మీద అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పిచికారీ చేయండి. బుడిపెలు లేక కింది ఆకుల నుంచి మొక్కంతా పాలిపోతుంటే నత్రజని చాలడం లేదు. అప్పుడు కల్చర్ మీద ఆశ పెట్టుకుని కూర్చోకుండా, పూత నుంచి ఊడలు మట్టిలోకి దిగేలోపే యూరియా కొద్దిగా వేసి ఆ పంటని కాపాడుకోండి, కల్చర్ సంగతి వచ్చే పంటకి చూసుకోవచ్చు.

ఇంకో పని, విత్తేటప్పుడే నాలుగైదు సాళ్లు కల్చర్ వేయకుండా వదిలేసి కర్ర పాతండి, అయితే ఆ సాళ్లని ముందు విత్తాలి, కల్చర్ అంటిన చేతులతో, గొర్రుతో తర్వాత విత్తితే అక్కడికీ చేరిపోతుంది. కోతప్పుడు రెండు వైపులా ఒకే పొడవు సాళ్లలో కాయలు విడిగా తూకం వేయండి. ఆ తూకంలో తేడా లేకపోతే వచ్చే ఏడు ఆ పొలానికి కల్చర్ కొనకండి.