లేయర్ దాణాలో మునగాకు, వెల్లుల్లి, పసుపు: ఎంత, ఎలా కలపాలి

లేయర్లకు, అంటే గుడ్ల కోళ్లకు, అరుగుదల కోసం, పచ్చసొన రంగు కోసం కలిపే ఈ పొడులు కొనే ముందు పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి కేజ్‌ల కింద రెట్ట చూడండి. గట్టిగా ఉండి, పైన తెల్లటి పూత కనిపిస్తే అరుగుదల బాగున్నట్టే. అక్కడక్కడా గోధుమరంగులో, జిగటగా, గాఢమైన వాసనతో పడేదీ మామూలే. మొక్కజొన్న నూక అరగకుండా బయటికొస్తుంటే మాత్రం ఆలోచించాలి. మే నెలలో నీళ్ల రెట్టకు చాలాసార్లు కారణం ఎండ, కోడి నీళ్లు ఎక్కువ తాగడం. దాణాలో ఉప్పు ఎక్కువైనా అంతే. వీటికి ఏ ఆకుపొడీ పనిచేయదు. రెట్టలో రక్తం కనిపించినా, చావులు పెరిగినా పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించండి. కాక్సిడియోసిస్‌ను (పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) వెల్లుల్లితో తగ్గిస్తామనుకుంటే మందు వేయాల్సిన సమయం పోతుంది.

టన్ను దాణాకు మునగాకు పొడి 20 కిలోలు, వెల్లుల్లి పొడి 3, పసుపు 3 చొప్పున మొదలుపెట్టొచ్చు. రోజుకు 110 గ్రాములు తినే కోడికి మునగాకు 2.2 గ్రాములు అందుతుంది. ఆ 26 కిలోల మేర నూనె తీసిన తవుడు తగ్గించండి. సోయా, గ్రిట్ (పెంకుకు కాల్షియం ఇచ్చే నూక), ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల మిశ్రమం) తగ్గించొద్దు. గ్రిట్ తగ్గితే పెంకు పల్చబడుతుంది, ఆ నింద మునగాకు మీద పడుతుంది.

మునగాకును నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే పచ్చసొనకు రంగునిచ్చే పదార్థాలు చాలావరకు పోతాయి. నాలుగైదు కిలోల పచ్చాకుకు కిలో పొడి వస్తుంది. చేత్తో నలిపితే ఆకు గలగలా పొడి కావాలి. మెత్తగా వంగిందంటే తడి ఉన్నట్టే, సంచిలో బూజు పడుతుంది. బూజు విషం కార్జాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి అనుమానమున్న సంచిని పారేయడమే మేలు. పసుపు పొడిగా కొనకుండా కొమ్ములు తెచ్చి ఆడించుకోండి, రంగు కల్తీ బెడద ఉండదు. వేపాకు చేదుకు కోళ్లు దాణా తగ్గిస్తాయి, దాన్ని వదిలేయొచ్చు.

అసలు చిక్కు కలపడంలో ఉంది. 3 కిలోల పసుపును నేరుగా మిక్సర్‌లో గుమ్మరిస్తే ఒక చోటే ఉండిపోతుంది. పసుపు, వెల్లుల్లి ముందు ఆ టన్నుకు తూచిన సోయాలోంచే 10 కిలోలు తీసి దాన్లో చేత్తో కలపండి. దానికి మునగాకు, అదే సోయాలోంచి మరో 20 కిలోలు చేర్చి మళ్లీ కలపండి. మొక్కజొన్న సగం పడ్డాక దీన్ని మిక్సర్‌లో వేయాలి. నిలువు మిక్సరైతే 15 నిమిషాలు తిప్పాలి. చివర్లో టన్నుకు 5 కిలోల తవుడు నూనె సన్నగా చల్లితే పొడి నూకకు అంటుకుంటుంది. కోడి పెద్ద నూకలే ఏరుకుని తింటుంది, మెత్తటి పొడి తొట్టి అడుగున మిగిలిపోతుంది. అందుకే రోజుకోసారి, మధ్యాహ్నానికి, తొట్లు ఖాళీ అయ్యేలా చూసి తర్వాతి మేత వేయాలి. అలాగని మొక్కజొన్నను మరీ పిండి చేస్తే కందనకాయకు పని తగ్గి, అరుగుదలే మందగిస్తుంది.

మొదటి వారం సగం మోతాదే ఇవ్వండి. ఒక వరుస కేజ్‌లకు పాత దాణానే కొనసాగించి నాలుగు వారాలు పోల్చి చూడండి: తిన్న దాణా, గుడ్ల సంఖ్య, రెట్ట. పచ్చసొన తయారవడానికి దాదాపు 10 రోజులు పడుతుంది కాబట్టి రంగు కోసం తొందరపడి మోతాదు పెంచొద్దు. తొట్లలో దాణా మిగులుతుంటే ముందు వెల్లుల్లిని సగానికి తగ్గించండి.