ఇంటర్ కాగానే అమెరికా వస్తున్నవారికి

ఎమ్మెస్‌కు వచ్చేవారికి సలహాలు చెప్పేవారు వీధికి పదిమంది దొరుకుతారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన వేసవిలోనే పెట్టె సర్దుకుని బ్యాచిలర్స్ డిగ్రీకి బయలుదేరే పద్దెనిమిదేళ్లవారి సంగతి వేరు. ఎమ్మెస్ విద్యార్థి ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు తన పాట్లు తాను పడి వస్తాడు. మీరు నిన్నటిదాకా గంట కొడితే లేచి, గంట కొడితే చదివి, గంట కొడితే పడుకున్నవారు. స్టడీ అవర్‌లో కునుకు తీస్తే తట్టి లేపడానికి మనిషి ఉండేవాడు. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే సాయంత్రానికల్లా నాన్నగారి ఫోనుకు సందేశం వెళ్లేది. ఇక్కడ ఆ ఏర్పాటేదీ లేదు. మీరు తప్పుదారిలో నడుస్తుంటే ఎవరూ ఆపరు. గడువు దాటిపోయాక మాత్రం మర్యాదగా ఒక ఈమెయిల్ వస్తుంది. హైస్కూలు దాటాక నాకు పట్టుబడిన విషయాల్లో చాలావరకు ఈ ఒక్క తేడా నుంచే పుట్టాయి.

విమానం దిగిన వారం

దిగగానే కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ వెబ్‌సైట్ నుంచి ఐ-94, అంటే దేశంలోకి మీరు వచ్చినట్టు చూపే రికార్డు, తీసుకుని చూసుకోండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదా సరిగ్గా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. మన పేర్లతో ఒక తంటా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకేచోట రాయించినవారికి, వీసా మీద ఆ పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని భావం. ఆ తర్వాత బ్యాంకులో ఒక రకంగా, యూనివర్సిటీలో మరో రకంగా, లైసెన్సులో ఇంకో రకంగా పేరు ఎక్కి, ప్రతిచోటా మీరు మీరేనని నిరూపించుకోవలసి వస్తుంది. ఇంకా వీసాకు దరఖాస్తు చేయనివారు పాస్‌పోర్టును అక్కడే సరిచేయించుకుని రండి.

యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి ముందు వెళ్లండి. కోర్సు మొదలైన 30 రోజుల్లోగా వారు మీ పేరును సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయాలి. ఆ తర్వాత ఇల్లు మారిన ప్రతిసారీ 10 రోజుల్లోగా కొత్త చిరునామా వారికి తెలియజేయాలి. డార్మ్‌లో, అంటే యూనివర్సిటీ హాస్టల్లో, ఒక గది నుంచి మరో భవనానికి మారినా ఇదే నియమం. అక్కడ మీ ఐ-20 (విద్యార్థి వీసాకు ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద సంతకం చేసే అధికారిని డి.ఎస్.ఓ. అంటారు. రాబోయే నాలుగేళ్లలో మీ ప్రొఫెసర్లకన్నా ఈ మనిషి ముఖ్యం.

ఆ పన్నెండు క్రెడిట్లు

ఎఫ్-1 మీద బ్యాచిలర్స్ చదివేవారు ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్లు (కోర్సు బరువును కొలిచే లెక్క) చదువుతూ ఉండాలి. వాటిలో పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగే కోర్సులు 3 క్రెడిట్లకు మించి లెక్కలోకి రావు. వినడానికి చాలా తేలిక. అక్టోబరు నెలలో దీని అసలు రూపం తెలుస్తుంది.

కాల్క్యులస్ మిడ్‌టర్మ్‌లో నలభై వచ్చాయనుకోండి. మీరు తీసుకున్నది సరిగ్గా 12 క్రెడిట్లే. రాత్రి పన్నెండు దాటింది, కోర్సు వదులుకోవడానికి రేపే చివరి రోజు. పోర్టల్ తెరిస్తే కోర్సు పేరు పక్కన చిన్న గడి, కింద ‘డ్రాప్’ అనే మీట. నొక్కితే అర నిమిషంలో పని అయిపోతుంది, గుండె తేలికపడుతుంది. మీ వీసా హోదా దెబ్బతిన్నదని ఆ తెర మీద హెచ్చరిక కనపడుతుందన్న భరోసా లేదు. డి.ఎస్.ఓ. అనుమతి ముందుగా తీసుకోకుండా 12 కన్నా తగ్గితే ఐ-20 రద్దయ్యే దాకా వెళ్లవచ్చు. అదే మీరు ముందుగా వెళ్లి అడిగితే దారులు ఉంటాయి. ఆరోగ్యం బాగాలేకపోయినా, మొదట్లో ఇక్కడి బోధనా పద్ధతి అర్థం కాక ఇబ్బంది పడినా తక్కువ క్రెడిట్లకు అనుమతి ఇచ్చే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆ మీట నొక్కకముందు అడిగినవారికే ఆ వీలు.

‘తొమ్మిది చాలు, మేమంతా తొమ్మిదే తీసుకుంటాం’ అని పక్క అపార్ట్‌మెంట్‌లోని అన్నయ్యలు ధీమాగా చెబుతారు. సాధారణంగా వారికి తొమ్మిదే, ఎందుకంటే వారిది ఎమ్మెస్. మన తెలుగు సీనియర్ల ప్రేమ గొప్పది. విమానాశ్రయానికి కారు వేసుకుని వస్తారు, మొదటి వారం అన్నం పెడతారు. నిబంధనల విషయంలో మాత్రం వారి మాట మీకు సగం వరకే వర్తిస్తుందని గుర్తుంచుకుని, అన్నం తిని సలహాను డి.ఎస్.ఓ. దగ్గర సరిచూసుకోండి.

చదువు సంగతి

మొదటి రోజు ఇచ్చే సిలబస్ పాఠాల జాబితా మాత్రమే కాదు. హోమ్‌వర్క్‌కు ఎంత శాతం, మిడ్‌టర్మ్‌కు ఎంత, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, ఎన్ని తరగతులు మానేయవచ్చు, అన్నీ అందులోనే ఉంటాయి. చివరి నెలలో రాత్రింబవళ్లు చదివి గట్టెక్కడం మనకు అలవాటైన విద్య. హోమ్‌వర్క్, క్విజ్‌లు కలిపి నలభై శాతం ఉన్న కోర్సులో ఆ విద్య పారదు. తేదీలన్నీ మొదటి వారంలోనే ఫోను క్యాలెండర్‌లోకి ఎక్కించుకోండి. ఎవరూ గుర్తుచేయరు. సిలబస్‌లో రాసి ఇచ్చాం కదా అన్నది వారి సమాధానం, అందులో తప్పు పట్టడానికీ ఏమీ లేదు.

ఆఫీస్ అవర్స్ అంటే ప్రొఫెసర్ తన గదిలో తలుపు తీసిపెట్టుకుని విద్యార్థుల కోసం కూర్చునే సమయం. పరీక్షల ముందు వారం తప్ప మిగతా రోజుల్లో పెద్దగా ఎవరూ రారు. మనవాళ్లకు అక్కడికి వెళ్లాలంటే బెరుకు. స్టాఫ్ రూముకు పిలిచారంటే తిట్లు తినడానికేనన్న పాత భయం అది. ‘నాకేమీ అర్థం కాలేదు’ అని వెళ్లకండి. మీరు చేసిన లెక్క తీసుకువెళ్లి, ఏ వరుస దగ్గర ఆగిపోయారో వేలు పెట్టి చూపించండి. పది నిమిషాల్లో పని అవుతుంది. మూడో సంవత్సరంలో సిఫారసు లేఖ కావలసినప్పుడు మీ ముఖం గుర్తున్న ప్రొఫెసర్ ఒకరైనా ఉండటం ఎంత అవసరమో అప్పుడు తెలుస్తుంది.

ఒక గట్టి హెచ్చరిక. స్నేహితుడికి అసైన్‌మెంట్ ఇచ్చి ‘కొంచెం మార్చి రాసుకో’ అనడం మన దగ్గర మంచితనం కింద లెక్క. ఇక్కడ ఇచ్చినవారు, తీసుకున్నవారు ఇద్దరూ దోషులే. సస్పెండ్ అయితే చదువుతో పాటు ఎఫ్-1 హోదా కూడా పోతుంది. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి మార్కుల వివరాలు ఆ విద్యార్థి సొంతం. మీ అనుమతి లేకుండా అమ్మానాన్నలు ఫోను చేసి అడిగితే కార్యాలయం చెప్పదు. ఫీజు కడుతున్నది వారైనా సరే. దీన్ని దాపరికానికి వాడుకునేవారిని చూశాను, పోర్టల్ పాస్‌వర్డ్ ఇంట్లో అప్పగించి రోజూ విచారణ ఎదుర్కొనేవారినీ చూశాను. నా మటుకు పాస్‌వర్డ్ ఇవ్వవద్దంటాను. మార్కులు తగ్గిన సంగతి ఆ వారంలోనే మీ నోటితో మీరే చెప్పండి. ప్రొబేషన్ ఉత్తరం, అంటే మార్కులు బాగా తగ్గాయన్న అధికారిక హెచ్చరిక, వచ్చాక చెప్పడం ఇరుపక్షాలకూ నరకం.

పని, డబ్బు

సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. బయట పని చేయాలంటే ముందుగా అధికారిక అనుమతి ఉండాలి. ఇంకొకరి పేరు మీద డెలివరీలు చేయడం, తెలిసినవారి దుకాణంలో నగదు తీసుకుని నిలబడటం ఎంతమంది చేస్తున్నా చట్టవిరుద్ధమే. క్యాంపస్‌లో ఉద్యోగం ఖాయమైన లేఖ చేతికి వచ్చాకే సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు చేయగలరు. అది లేకపోయినా పాస్‌పోర్టు, ఐ-20 చూపిస్తే చాలా బ్యాంకులు ఖాతా తెరుస్తాయి.

రూపాయి సంపాదించకపోయినా ఏటా పన్నుల శాఖకు ఫారం 8843 పంపాలి. ఆదాయం లేనివారికి జూన్ 15 గడువు, జీతం తీసుకున్నవారు 1040-ఎన్.ఆర్. అనే ఆదాయపు పన్ను రిటర్నుతో కలిపి ఏప్రిల్ 15లోగా పంపాలి. మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు మీరు పన్ను లెక్కల్లో నాన్-రెసిడెంట్లు. ఆగస్టులో దిగినా ఆ ఏడాది పూర్తి సంవత్సరంగానే లెక్క. ఆ కాలంలో జీతం నుంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పేరిట 7.65 శాతం కోత పడకూడదు. పడితే యజమానిని అడిగి వెనక్కి తీసుకోవచ్చు. డిగ్రీ తర్వాత ఓపీటీలో (చదివిన రంగంలో పని చేయడానికి ఎఫ్-1 విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక అనుమతి) ఉద్యోగం చేస్తూ ఆరో సంవత్సరంలోకి అడుగుపెట్టినప్పుడు ఈ లెక్క మారిపోతుంది. ఎమ్మెస్‌వారు ఈ మలుపు దగ్గరికి చేరేసరికి చదువు ముగిసి చాలాకాలమై ఉంటుంది కాబట్టి వారిని అడిగినా చాలామందికి తెలియదు.

పన్నుల శాఖ నుంచి అంటూ ఫోను చేసి, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమంటే అది మోసం. ఫోను పెట్టేయండి. సందేహమే అక్కర్లేదు.

జ్వరం వస్తే

ముందు యూనివర్సిటీ వైద్య కేంద్రం, అది మూసి ఉంటే అర్జెంట్ కేర్ (అప్పటికప్పుడు చూసే చిన్న క్లినిక్), ప్రాణం మీదికి వస్తే 911, ఎమర్జెన్సీ. ఈ వరుస తప్పితే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బీమా ఉన్నా డిడక్టబుల్ అనే మొత్తం దాటేదాకా చాలా సేవలకు మీరే చెల్లించాలి. వెళ్లేముందు ఆ ఆసుపత్రి మీ బీమా నెట్‌వర్క్‌లో ఉందో లేదో ఫోను చేసి కనుక్కోండి. కొన్ని వారాలకు బీమా కంపెనీ నుంచి గుండె ఆగిపోయే అంకెలతో ఒక కాగితం వస్తుంది. పైన ‘ఇది బిల్లు కాదు’ అని రాసి ఉంటుంది, చదవండి. అసలు బిల్లు విడిగా వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిపోల్చాకే కట్టండి.

మనసు బాగాలేనప్పుడు కూడా క్యాంపస్‌లో కౌన్సెలింగ్ ఉంటుంది. చాలాచోట్ల దానికి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. బతకాలనిపించని స్థితి వస్తే ఏ గంటలోనైనా 988కు ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో సాయంత్రం తరగతి నుంచి బయటికి వచ్చేసరికి చీకటి పడి ఉంటుంది. తూర్పు తీరంలో ఉన్నవారికి ఇంటితో తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నరకు పెరుగుతుంది, ఫోను వేళలు కుదరవు. దిగులు ఎక్కువగా పట్టేది ఆ నెలలోనే. అది బలహీనత కాదని ముందే తెలిసి ఉంటే కాస్త మేలు.

ఇల్లు, రోడ్డు, మరికొన్ని

డార్మ్ వంటగదిలో పోపు పెట్టేముందు కిటికీ తెరిచి, ఫ్యాను వేయండి. ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగితే భవనంలోని వారంతా పైజామాలతో రోడ్డు మీద నిలబడతారు.

రెండో ఏడాది అపార్ట్‌మెంట్ తీసుకున్నప్పుడు నలుగురూ ఒకే లీజు మీద సంతకం చేస్తున్నారా, ఎవరిది వారికేనా అని చూడండి. ఉమ్మడి లీజు అయితే ఒకరు వెళ్లిపోయినా వారి అద్దె మిగతా ముగ్గురి మీద పడుతుంది. స్నేహం ఎంత గాఢమైనదైనా ఇది మారదు. చేరిన రోజే గోడలు, కార్పెట్, స్టవ్ ఫొటోలు తీసి యజమానికి ఈమెయిల్ చేస్తే డిపాజిట్ గురించి తర్వాత వాదనలు ఉండవు.

మద్యానికి 21 ఏళ్లు నిండాలి. గంజాయిని కొన్ని రాష్ట్రాలు అనుమతించినా ఫెడరల్ చట్టం దృష్టిలో నేరమే. వీసా మీద ఉన్నవారికి వర్తించేది ఫెడరల్ చట్టం. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో ఇచ్చే కాగితాల్లో ‘ఓటరుగా నమోదు చేయమంటారా’ అనే గడి ఉండవచ్చు. ఆ వరుసలో అన్నింటికీ అవునని టిక్కు పెట్టుకుంటూ పోకండి. పౌరులు కానివారు పొరపాటున నమోదైనా ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కు.

మరొకటి, డిసెంబరు. చాలా డార్మ్‌లు శీతాకాలపు సెలవుల్లో మూసేస్తారు, గదిలో ఉండనివ్వరు. ఇండియా టిక్కెట్టు కొనలేనివారు ఎక్కడ ఉండాలో అక్టోబరులోనే హౌసింగ్ కార్యాలయంలో అడగండి. అంతర్జాతీయ విద్యార్థుల కోసం కొన్నిచోట్ల ఒక భవనం తెరిచి ఉంచుతారు, దానికి దరఖాస్తు గడువు విడిగా ఉంటుంది. ఇంటికి వెళ్లేవారు ఐ-20 మీద ప్రయాణ సంతకం ఉందో లేదో చూసుకోండి. అది ఏడాదికి మించి పాతదైతే బయలుదేరేముందే కొత్తది తీసుకోవాలి. సెలవులకు ముందు వారం డి.ఎస్.ఓ. కార్యాలయం బయట పొడవాటి వరుస ఉంటుంది కనుక నవంబరులోనే ఆ పని చూసుకోండి.