వేడెక్కితే మొండికేసే కారు: ఎండలు ముదరకముందే చూసుకోవాల్సినవి

పొద్దున ఇంటి ముందు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. హన్మకొండ నుంచి ములుగు దాకా ఏసీ వేసుకుని హాయిగా పోతుంది. అక్కడ చాయ్ తాగి, పావుగంట తర్వాత తాళం తిప్పితే మాత్రం స్టార్ట్ కాదు. ముప్పావుగంట ఆగితే ఏమీ జరగనట్టే మళ్లీ లేస్తుంది. చలికాలమంతా దాక్కున్న ఈ జబ్బు మార్చి దాటాక బయటపడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో బానెట్ కింద ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ దాన్ని చల్లబరిచే కూలెంట్ తిరుగుతుంది, ముందు నుంచి గాలి తగులుతుంది. ఆపగానే రెండూ ఆగిపోతాయి. ఇంజిన్‌లోని వేడంతా పక్కనున్న సెన్సర్లకు, వైర్లకు, పెట్రోల్ పైపులకు పాకుతుంది. అందుకే ఆపిన తర్వాత కాసేపు బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. పెట్రోల్ బంకులో బండి ఆపి, నింపించుకున్నాక స్టార్ట్ కాకపోతే చాలామంది కల్తీ పెట్రోల్ అని బంకువాళ్ల మీద పడతారు. అదే బండి అరగంటకు అదే పెట్రోల్‌తో స్టార్ట్ అయితే కల్తీ ఎట్లా అవుతుంది?

కాబట్టి మార్చిలోనే ఒక పరీక్ష పెట్టండి. మధ్యాహ్నం ఎండలో కాజీపేట నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఏసీతో వెళ్లి రండి. ఇంటి దగ్గర ఆపి, పావుగంట ఆగి స్టార్ట్ చేయండి. బండి బాగున్న ఆ రోజే రెండు విషయాలు గుర్తు పెట్టుకోండి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు ‘జుయ్’ అని పెట్రోల్ పంపు చప్పుడు వినిపిస్తుందా? సెల్ఫ్ తిరిగేటప్పుడు మీటర్‌లో ఇంజిన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదులుతుందా? కొన్ని బండ్లలో అన్నీ బాగున్నా ముల్లు కదలదు, కొన్నింటిలో పంపు చప్పుడు చెవికి ఆనదు. మీ బండి తీరు ముందే తెలిస్తేనే రేపు రోడ్డు మీద తేడా పట్టుకోగలరు.

ఇక ఆగిపోయినప్పుడు మొదటి ప్రశ్న ఒక్కటే: సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?

‘టక్’ మని ఆగిపోయినా, బద్ధకంగా తిరిగినా హెడ్‌లైట్లు వేసి మళ్లీ తాళం తిప్పండి. లైట్లు ఆరిపోయినంత పని చేస్తే బ్యాటరీనో, టెర్మినళ్లో అనుకోవచ్చు. లైట్లు అలాగే వెలుగుతుంటే సెల్ఫ్ మోటార్ వైపు చూడాలి. సైలెన్సర్ పైపుకు దగ్గరగా ఉండే మోటార్లు వేడికి ఇలా మొరాయిస్తాయి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని ఇప్పుడే గోకించి బిగించండి. డిస్టిల్డ్ వాటర్ పోసే రకం బ్యాటరీ అయితే ఎండాకాలంలో నెలకోసారి మట్టం చూడాలి.

సెల్ఫ్ జోరుగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే నా అనుమానం ముందు ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ మీదకే పోతుంది. చాలా బండ్లలో దాని లోపల సన్నటి తీగ చుట్ట ఉంటుంది. అందులో కంటికి కనపడని పగులు వేడికి విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. సిగ్నల్ రాకపోతే ఇంజిన్ తిరుగుతున్న సంగతే కంప్యూటర్‌కు తెలియదు, దాంతో స్పార్కూ ఉండదు, పెట్రోలూ రాదు. మామూలుగా కదిలే ముల్లు ఆరోజు పడుకునే ఉంటే దీనికి బలమైన గుర్తు. మెకానిక్ స్కానర్‌లో ఈ సెన్సర్ లోపాన్ని చెప్పే పీ0335 కోడ్ కనిపించవచ్చు, కనిపించకపోనూ వచ్చు. ఈ సెన్సర్ పూర్తిగా పాడైతే నడుస్తున్న బండే ఆగిపోతుంది. అప్పుడు స్టీరింగ్, బ్రేకు రెండూ బరువెక్కుతాయి గానీ పనిచేస్తాయి. కంగారుపడి తాళం తీసేయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.

పంపు చప్పుడు రాకపోతే ముందు ఫ్యూజు, పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి రిలే, ఆ తర్వాత పంపు చూడాలి. పంపును చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. అందుకే ఎండల్లో పావు ట్యాంకు కంటే కిందకు రానివ్వకండి.

గుప్పుమని పెట్రోల్ వాసన వస్తుంటే కథ వేరు. ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కారుతుండవచ్చు. లేదా కూలెంట్ వేడి చెప్పే సెన్సర్ ‘ఇంజిన్ చల్లగా ఉంది’ అని తప్పుడు లెక్క ఇస్తే కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ పోయిస్తుంది. చాలా ఇంజెక్షన్ బండ్లలో యాక్సిలరేటర్ నిండా తొక్కిపట్టి ఐదు సెకన్లు సెల్ఫ్ కొడితే పెట్రోల్ ఆగి, గాలి ఆడి స్టార్ట్ అవుతుంది. కార్బరేటర్ ఉన్న పాత మారుతి 800 లాంటివాటిలో పెట్రోల్ పైపులోనే ఆవిరైపోతుంది. బానెట్ ఎత్తి నీడలో ఆగడమే దానికి మందు.

డీజిల్ బండికి స్పార్క్ గొడవ లేదు. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన ఇంజెక్టర్ల నుంచి వెనక్కి కారిపోతే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే ‘కామన్ రైల్’ పైపులో ప్రెషర్ నిలవదు. మెకానిక్ ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపుకు చిన్న సీసా తగిలించి చూస్తాడు. ఏ సీసా తొందరగా నిండితే దొంగ అక్కడున్నట్టు.

రోడ్డు మీద చేయకూడనివి కొన్ని. సెల్ఫ్‌ను ఒకేసారి పది సెకన్లు దాటి తిప్పకండి, మధ్యలో నిమిషం ఆగండి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు, ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు. పిల్లల్నీ పెద్దవాళ్లనీ బండిలో కూర్చోబెట్టవద్దు, రోడ్డుకు దూరంగా నీడకు పంపండి. హజార్డ్ లైట్లు వేసి, వెనక త్రికోణం బోర్డు పెట్టండి. జాతీయ రహదారి మీదైతే సాయం కోసం 1033 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలో సిగ్నల్ అందని చోట్లుంటాయి. ఇలా మొరాయించడం మొదలైన బండితో మేడారం బయల్దేరవద్దు, అంతే.

మెకానిక్‌తో అసలు చిక్కు ఏమిటంటే, అక్కడికి చేరేసరికి బండి చల్లబడి బాగైపోతుంది. “మంచిగనే ఉంది గదన్నా” అంటాడు. పాపం, అతని తప్పూ కాదు. ఆగిన చోటే ఫోన్‌లో వీడియో తీయండి. మీటర్, ముల్లు, వెలిగిన లైట్లు, సెల్ఫ్ చప్పుడు అన్నీ అందులో పడాలి. వీలైతే బండిని వేడిగా తీసుకెళ్లి, ఆయన ముందే ఆపి పావుగంట కూర్చోండి. పరీక్ష చేయకుండా ‘పంపు మార్చేద్దాం’ అంటే ఒప్పుకోకండి. పార్టు మార్చాక కూడా అదే పరీక్ష: ఏసీతో తిప్పి, పావుగంట ఆపి, స్టార్ట్ చేసి చూశాకే డబ్బులివ్వండి.