మాంద్యం తగ్గుముఖం పట్టిందా? ఏ లెక్క ఎప్పుడు, ఎలా చూడాలి

2020 జూన్‌లో నేనొక పెద్ద తప్పు చేశాను. హన్మకొండలో మాది మోటార్లు, పీవీసీ పైపుల షాపు. లాక్‌డౌన్ సడలించాక జూన్‌లో గిరాకీ ఒక్కసారిగా లేచింది. జూన్ జీఎస్టీ వసూళ్లు 90,917 కోట్లు అని జూలై మొదట్లో పేపర్లో వచ్చింది, ఏప్రిల్‌లో చూస్తే 32 వేల కోట్లే. ఇక గండం గడిచిందనుకుని నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి గోదాం నింపాను. జూలైలో వసూళ్లు 87,422 కోట్లకు, ఆగస్టులో 86,449 కోట్లకు దిగాయి, ఆ ఆగస్టు మధ్యలోనే వరంగల్‌లో కాలనీలకు కాలనీలు వరదలో మునిగాయి. సరుకు దసరా దాకా కదల్లేదు, మిత్తి మాత్రం నెలనెలా కట్టాను.

జూన్ అంకె అబద్ధం కాదు, నేను చదవాల్సిన తీరులో చదవలేదు అంతే. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ పన్ను ఆలస్యంగా కట్టుకోవడానికి ప్రభుత్వం గడువు ఇచ్చింది, ఆ పాత బాకీ కూడా జూన్‌లో వచ్చి కలిసింది. నా షాపు గిరాకీకి కారణం వానాకాలం సాగు మొదలవడం, పైగా అప్పుడే ఎకరానికి 5 వేల చొప్పున రైతుబంధు డబ్బులు పడ్డాయి.

అందుకే ఒక్క నెల అంకె పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి. కనీసం మూడు నెలలు చూడండి, అదీ పోయిన నెలతో కాదు, అంతా మామూలుగా ఉన్న ఏడాదిలో అదే నెలతో పోల్చండి. 2019 సెప్టెంబరులో జీఎస్టీ 91,916 కోట్లు, 2020 సెప్టెంబరులో 95,480 కోట్లు. 2019 అక్టోబరులో 95,379 కోట్లు, 2020 అక్టోబరులో 1,05,155 కోట్లు. వరసగా రెండు నెలలు పాత అంకెను దాటింది చూశారా, మూడో నెల కూడా అలాగే ఉంటే అప్పుడు నమ్మొచ్చు. పోయిన నెల వసూళ్ల లెక్క ప్రతి నెలా 1వ తేదీన వస్తుంది, అయితే ఆ వసూళ్లు దానికీ ముందు నెల వ్యాపారం తాలూకువని గుర్తుంచుకోండి. ధరలు పెరిగితే అమ్మిన సరుకు పెరగకపోయినా పన్ను పెరుగుతుంది, కాబట్టి 12వ తేదీన వచ్చే ధరల పెరుగుదల లెక్క పక్కన పెట్టుకుని చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా సరుకుల మీద జీఎస్టీ రేట్లు తగ్గించారు, అప్పటి ముందు నెలలతో తర్వాతి నెలలను నేరుగా పోల్చడం కుదరదు.

ఇప్పుడు జీడీపీ, అంటే దేశం మొత్తం ఉత్పత్తి విలువ. వరసగా రెండు త్రైమాసికాలు (మూడేసి నెలలు) తగ్గితే మాంద్యం అనడం వాడుక, కానీ ఆ అంకె రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది, పైగా తర్వాత సవరిస్తారు. అసలు మోసపోయేది శాతం దగ్గర. 2021 ఏప్రిల్-జూన్‌లో జీడీపీ 20.1 శాతం పెరిగిందని వార్త వచ్చినప్పుడు మా బజారులో అందరూ అదే మాట్లాడుకున్నారు. కాగితం తీసి లెక్క వేయండి: 2019 ఏప్రిల్-జూన్‌లో 35.66 లక్షల కోట్లు, 2020లో 26.95 లక్షల కోట్లు, 2021లో 32.38 లక్షల కోట్లు. 26.95 నుంచి 32.38కి వస్తే 20 శాతం ఎక్కినట్టే, కానీ రెండేళ్ల కిందటి మెట్టు కన్నా ఇంకా 3 లక్షల కోట్లకు పైగా కిందే ఉన్నాం. గుంతలో పడినవాడు సగం పైకి వచ్చినా శాతం మాత్రం గొప్పగా కనిపిస్తుంది. శాతం వినబడ్డప్పుడల్లా దాని వెనకున్న అసలు మొత్తం వెతకండి.

పీఎంఐ కూడా ఇలాంటిదే, కంపెనీల్లో కొనుగోళ్లు చూసే మేనేజర్లను నెలనెలా అడిగి వేసే సూచీ ఇది. 50 దాటితే పోయిన నెల కన్నా పని పెరిగిందని చెప్పిన కంపెనీలు ఎక్కువని అర్థం, పాత స్థాయికి వచ్చామని కాదు. తయారీ పీఎంఐ 2020 ఏప్రిల్‌లో 27.4, ఆగస్టులో 52. ఆ ఆగస్టులో నా గోదాం నిండుగానే ఉంది. షేర్ మార్కెట్ అన్నిటికన్నా ముందు కదులుతుంది, 2020లో ఆ మార్కెట్ సూచీ నిఫ్టీ అట్టడుగున 7,610 దగ్గర ముగిసింది మార్చి 23న, అంటే దేశమంతా లాక్‌డౌన్ పెట్టకముందే. ఉద్యోగాలు అన్నిటికన్నా ఆఖర్న తిరిగొస్తాయి. ఈ వరస తెలిస్తే టీవీలో ఒకరు అంతా బాగైందని, ఇంకొకరు ఏమీ బాగాలేదని ఎందుకు అంటారో అర్థమవుతుంది.

మన దగ్గర కరెంటు వాడకంతో మాత్రం జాగ్రత్త. తెలంగాణలో ఫిబ్రవరి, మార్చిలో డిమాండ్ పెరిగితే ఫ్యాక్టరీలు పరుగెడుతున్నాయని కాదు, యాసంగి వరికి మోటార్లు నడుస్తున్నాయని. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి రేటు కూడా ఒంటరిగా ఏమీ చెప్పదు, పంట దెబ్బతిన్నా రేటు పెరుగుతుంది. రేటుతో పాటు ఎన్ని బస్తాలు వచ్చాయో చూసి గుణించండి, రైతు చేతికి నిజంగా ఎంత వచ్చిందో తేలుతుంది.

ఊళ్ల పరిస్థితికి నేను ఎక్కువగా నమ్మేది ఉపాధి హామీ లెక్క. వేరే పని దొరికితే ఎవరూ ఎండలో మట్టి తవ్వడానికి పోరు. దేశం మొత్తం మీద 2019-20లో 265 కోట్ల పనిదినాలు, 2020-21లో 389 కోట్లు, 2021-22లో కూడా 363 కోట్లు. పేపర్లు కోలుకున్నాం అని రాస్తున్న ఏడాదిలో కూడా పల్లె కోలుకోలేదని ఈ ఒక్క వరసలో కనబడుతుంది, నాకైతే ఇది చూసినప్పుడు మనసు కలుక్కుమంది.

సర్కారు లెక్కలు వచ్చేలోపు మీ వీధిలో చూడగలిగేవి రెండున్నాయి. ఒకటి చిట్టి పాట. 2020లో నేనున్న ఐదు లక్షల చిట్టిలో గరిష్ఠ తగ్గింపుకే నలుగురు ఐదుగురు సిద్ధమయ్యేవారు, చివరికి పేర్లు చీటీలు రాసి తీసేవారు. నష్టమైనా సరే ఇప్పుడే డబ్బు కావాలి అన్నంత టెన్షన్ అది. పాట నెలనెలా తగ్గుతూ, తొందరేం లేదు వచ్చే నెల చూద్దాం అనేవాళ్లు పెరిగితే ఇళ్లలో డబ్బు ఆడుతున్నట్టు. ఎవరు ఎంతకు ఎత్తారో తేదీతో రాసిపెట్టుకోండి.

రెండోది లేబర్ అడ్డా. పొద్దున తొమ్మిదిన్నరకు ఇంకా ఎంతమంది టిఫిన్ డబ్బాలు పట్టుకుని నిలబడ్డారో లెక్కపెట్టండి, వారంలో ఒకే రోజు, ఒకే టైముకు. నేను 2020 ఆగస్టులో లెక్కపెట్టడం మొదలుపెట్టిన రోజు అరవై మందికి పైనే ఉన్నారు, మేస్త్రీ బండి ఆగగానే అందరూ దాని మీద పడేవారు. నవంబర్ చివరికి ఆ టైముకు పదిమంది కూడా ఉండేవారు కాదు, మేస్త్రీలే కూలి పెంచి పిలిచేవారు. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా జీఎస్టీ, చిట్టి పాట, అడ్డా మూడూ ఒకే దారిలో కనబడ్డాక డిసెంబరులో మళ్లీ మోటార్లకు ఆర్డర్ పెట్టాను, అప్పు లేకుండా, జూన్‌లో తెచ్చినదానిలో సగం.