చెరువు వేటకు నియమాలు బిగిసినప్పుడు సంఘాలు చేయవలసినది

వల కన్ను పరిమాణం, చిన్న చేపల వేట, వానకాలపు వేట విరామంపై నియమాలు బిగిసినప్పుడు వరంగల్, ములుగు ప్రాంతాల మత్స్య సహకార సంఘాలు కొత్త వల కొనే ముందు, ఉన్న వలను తడిపి, కన్నును (అల్లికలోని ఒక్కో రంధ్రాన్ని) నిలువునా లాగి, ఎదురెదురు ముడుల మధ్య దూరాన్ని నాలుగైదు చోట్ల కొలవాలి. దుకాణదారు చెప్పిన లెక్క సరిపోదు. వలలో పడిన చిన్న చేపలను ఒడ్డుకు తేకుండా, తడి చేతులతో, మొప్పలు తాకకుండా అక్కడికక్కడే వదలాలి.

వానకాలంలో వేట ఆపే విరామం అసలు మేలు చేసేది కొర్రమీనుకే. రవ్వ, బొచ్చె చేపలు నదిలో పారే నీటిలో గుడ్లు పెడతాయి కనుక చెరువులో వాటి సంఖ్య మనం వదిలిన పిల్లలపైనే ఆధారపడుతుంది. 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను మాత్రం అంచు గడ్డిలోనే గుడ్లు పెట్టి, ఎర్రటి పిల్లల గుంపుకు కింద నుంచి కాపలా కాస్తుంది. ఆ గుంపు తేలిన చోట గాలం వేస్తే కాపలా చేప సులువుగా దొరుకుతుంది, పిల్లలు పక్షుల పాలవుతాయి. కాబట్టి అటువంటి చోట కర్ర పాతి గుర్తు పెట్టి, పిల్లలు చెదిరిపోయేదాకా ఎవరూ వేటాడకూడదని సంఘం తీర్మానం రాసుకోవాలి.