రాకెట్ చూడ్డానికి నల్లగొండ నుంచి బయలుదేరే ముందు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా శ్రీహరికోట తీరంలో వానలు, తుపాన్లు ఎక్కువ. ఆ నెలల్లో వెళ్తే చేతిలో రెండు రోజులు అదనంగా ఉంచుకోండి.

ఇస్రో వెబ్‌సైట్‌లో సందర్శకుల గ్యాలరీకి ముందే పేర్లు నమోదు చేసుకోవాలి. ఒరిజినల్ గుర్తింపు కార్డు మర్చిపోవద్దు.

నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గూడూరులో దిగి, శ్రీహరికోటకు దగ్గరి స్టేషనైన సూళ్లూరుపేటకు ఇంకో బండి పట్టుకోవాలి. తిరుగు టికెట్ మాత్రం ప్రయోగం రోజుకే తీయకండి. మేం అలాగే తీశాం. వాన వల్ల ప్రయోగం మర్నాటికి పోయింది, మేం రైలు కోసం వెనక్కి రావాల్సి వచ్చింది. మా పాప మెడలో బైనాక్యులర్ తీయకుండానే స్టేషన్ బెంచీ మీద నిద్రపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ప్రయోగం ఆపారనగానే లేచి వచ్చేయకండి. పిడుగులు, పై గాలుల వేగం చూసుకుని మళ్లీ సమయం చెప్తారు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్ష రాకెట్ టీవీ-డీ1 ఉదయం 8 గంటలకు ఎగరాలి. వాతావరణం బాగాలేక 8.30కి, తర్వాత 8.45కి జరిపారు. ఇంకో 5 సెకన్లు ఉందనగా కంప్యూటర్ ఆపేసింది. చివరికి 10కి ఎగిరింది!

రెయిన్‌కోట్లు, సద్ది, నీళ్లు, పవర్ బ్యాంక్ సర్దుకోండి. మబ్బుంటే రాకెట్ కొద్ది సెకన్లలోనే మాయమవుతుంది. అందుకే ఫోన్ జేబులో పెట్టి కళ్లతో చూడండి. చప్పుడు కాస్త ఆగి వస్తుంది, పసిపిల్లలుంటే ఆలోపే చెవులు మూయండి.