జైలు కాంట్రాక్టు చదవడం ఎలా? 3వ పాఠం: మిగిలిన డబ్బు ఎవరిది?

గత పాఠంలో చెప్పుకున్న ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. అమెరికాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) జైలును సాధారణంగా నడిపేది ఎన్నికైన షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి), డబ్బు మంజూరు చేసేది కౌంటీని పాలించే కమిషనర్ల బోర్డు. మీరు అక్కడ ఇల్లు కొనుక్కుని ప్రాపర్టీ టాక్స్ కడుతుంటే, ఆ డబ్బులో కొంత, జైల్లో భోజనం, వైద్యం చూసే ప్రైవేటు కంపెనీల కాంట్రాక్టులకే పోతుంది.

ముందు భోజనం సంగతి. ధర పూటకు ఇంత అని ఉంటుంది, ఖైదీల సంఖ్య పెరిగేకొద్దీ పూట ధర తగ్గేలా ఒక పట్టిక ఇస్తారు. హాస్టల్ మెస్ కాంట్రాక్టు చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. పట్టిక పక్కన పెట్టి రెండు చూడండి: షుగర్ ఉన్నవాళ్ల భోజనం అదే ధరలో వస్తుందా, జైలు లోపలి కొట్టు కూడా ఇదే కంపెనీ చేతిలో ఉందా? రెండో దానికి జవాబు అవును అయితే నాకు అనుమానమే. పళ్లెంలో తక్కువ పడితే కొట్లో నూడుల్స్ ఎక్కువ అమ్ముడుపోతాయి కదా.

ఇక మిగులు. అలబామాలో అప్పట్లో ఒక్కో ఖైదీ తిండికి రాష్ట్రం రోజుకు 1.75 డాలర్లు షెరీఫ్‌కు ఇచ్చేది. ఖర్చుపోగా మిగిలింది ఆయనే ఉంచుకోవచ్చని పాత చట్టానికి అర్థం చెప్పుకునేవాళ్లు. మోర్గాన్ కౌంటీ షెరీఫ్ గ్రెగ్ బార్ట్‌లెట్ మూడేళ్లలో దాదాపు 2,12,000 డాలర్లు మిగుల్చుకున్నారు. అర లారీ కార్న్ డాగ్స్ (మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్‌లు) 500 డాలర్లకు చవగ్గా దొరికితే, ఖైదీలకు వారాల తరబడి అవే పెట్టారు. 2009లో ఫెడరల్ జడ్జి కోర్టు ధిక్కారం కింద ఆయన్నే ఒక రాత్రి జైల్లో ఉంచారు. అలబామా 2019లో చట్టం మార్చి ఈ దారి మూసేసింది.

వైద్యం దగ్గరకొస్తే లెక్క చిక్కుపడుతుంది. ఖైదీకి వైద్యం అందించాల్సిందేనని 1976లో సుప్రీంకోర్టు ఎస్టెల్ వర్సెస్ గ్యాంబుల్ కేసులో చెప్పింది. పని ప్రైవేటు డాక్టరుకు అప్పగించినా ప్రభుత్వ బాధ్యత పోదని 1988లో వెస్ట్ వర్సెస్ అట్కిన్స్ కేసులో తేల్చింది. పోనీ మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా) ఆ ఖర్చు ఇస్తుందా అంటే, ఆ పథకం పుట్టిన 1965 నుంచీ జైల్లో ఉన్నవాళ్లకు దాదాపుగా చెల్లదు. బయటి ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా చేరడం లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. అందుకే కాంట్రాక్టులో బయటి ఆసుపత్రి ఖర్చుకు ఒక గరిష్ఠ పరిమితి రాస్తారు. నేను ముందు తెరిచే పేజీ అదే.

ఒక ఊహా లెక్క వేద్దాం. పరిమితి ఏడాదికి 2,00,000 డాలర్లు. అంతవరకు కంపెనీ భరిస్తుంది, దాటితే కౌంటీ. ఛాతీ నొప్పి వచ్చినవాణ్ణి ఆసుపత్రికి పంపకుండా ఉంటే లాభం ఎవరికి? పరిమితిలోపు కంపెనీకి. దాటాక కౌంటీకి, అప్పుడు జబ్బు మనిషిని త్వరగా విడుదల చేయించాలన్న తొందర మొదలవుతుంది. పరిమితిలో వాడని డబ్బు కౌంటీకి తిరిగి వస్తుందని రాసుంటే కంపెనీకి ఆ ఆశ ఉండదు. ఆ వాక్యం కోసం వెతకండి.

అందరూ వదిలేసేది చివర్లో ఉండే సిబ్బంది పట్టిక. "24 గంటలూ నర్సు" అని రాసుంటుంది. వారానికి 24 × 7 = 168 గంటలు. ఒకరు 40 గంటలు పనిచేస్తారు కాబట్టి 4.2 మంది కావాలి. సెలవులు కలిపితే ఐదుగురు. పట్టికలో ముగ్గురే ఉంటే ఆ మాట కాగితానికే పరిమితం. ఐదుగురూ ఉన్నా, షిఫ్టు ఖాళీగా పోయినప్పుడు ఆ గంటల జీతం బిల్లులోంచి కోస్తారా అన్నది ఇంకో ప్రశ్న. కోయకపోతే నర్సును పెట్టకపోవడమే లాభం.

ఇంటిపని: మీ కౌంటీ బోర్డు సమావేశాల అజెండా కాగితాల్లో జైలు వైద్యం కాంట్రాక్టు వెతకండి. ఆసుపత్రి ఖర్చు పరిమితి, వాడని డబ్బు దారి, ఖాళీ షిఫ్టు కోత, ఈ మూడూ ఏ పేజీలో ఉన్నాయో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో, ఖైదీ కుటుంబం కేసు వేస్తే పరిహారం ఎవరు కట్టాలో చెప్పే క్లాజు చదువుదాం. అదే కాంట్రాక్టు దగ్గర పెట్టుకుని రండి.